బజారుకు దారి చూపడం

మొదటి ఖుత్బా

స్తోత్రాలన్నీ భూమ్యాకాశాలకు యజమాని అయిన అల్లాహ్‌కే శోభిస్తాయి. నిరాశ్రయులకు నీడను, దారి తప్పినవారికి మార్గాన్ని, శ్రమించేవారికి ఉపాధిని ప్రసాదించేవాడు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! ముందుగా నాకూ, మీకూ తఖ్వాను గురించి హితవు చెప్పుకుంటున్నాను. ఏకాంతంలోనూ, నలుగురిలోనూ, మస్జిదులోనూ, బజారులోనూ అల్లాహ్ మనల్ని చూస్తున్నాడన్న స్పృహే తఖ్వా. ఈనాటి మన అంశానికీ, తఖ్వాకూ దగ్గరి సంబంధం ఉంది. ఎందుకంటే అడిగేవారు లేని మనిషి పట్ల మనం ఎలా నడుచుకుంటామన్న దానిలోనే మన దైవభీతి బయటపడుతుంది.

తెలుగులో శరణార్థికి ‘కాందిశీకుడు’ అనే పాత మాట ఒకటి ఉంది. సంస్కృతం నుండి మనకు వచ్చిన పదమిది. ‘ఏ దిక్కుకు పోను?’ అనుకుంటూ పరుగెత్తేవాడు కాందిశీకుడని పండితులు దాని వ్యుత్పత్తిని వివరిస్తారు. ఆ మాటలో ఆకలి ప్రస్తావన లేదు, పేదరికం ప్రస్తావన లేదు. దిక్కు తెలియకపోవడమే అతని అసలు బాధ అని ఆ పదం చెబుతోంది. నిన్నటిదాకా అతనికి ఇల్లుంది, వృత్తి ఉంది, ఊళ్లో పేరుంది, అప్పు ఇచ్చే కొట్టు ఉంది. ఒక్క రాత్రిలో అవన్నీ పోయాయి. అన్నం పెట్టేవారు దొరికినా, రేపు ఉదయం లేచి ఎక్కడికి వెళ్లాలో అతనికి తెలియదు.

ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ లెక్కల ప్రకారం 2024 చివరినాటికి ప్రపంచంలో బలవంతంగా నెలవు తప్పినవారు 12 కోట్లకు పైగా ఉన్నారు. వారిలో దేశం దాటి శరణార్థులైనవారే 4 కోట్లకు పైమాట. వీరిలో ఎక్కువ మందికి ఆశ్రయం ఇస్తున్నవి సంపన్న దేశాలు కావు, పేద, మధ్యతరగతి దేశాలే. ఇంతమందికి మనం ఏం చేయగలమన్న నిస్పృహ కలగడం సహజం. కానీ మనల్ని కోట్ల మంది గురించి అడగరు. మన వీధికి వచ్చిన ఒక్క కుటుంబం గురించి అడుగుతారు.

ఆ కుటుంబానికి ఏది సహాయం? మొదటి వారం అన్నం, దుస్తులు, పడుకోవడానికి చాప. ఇందులో సందేహం లేదు. రెండవ నెలలో? రెండవ సంవత్సరంలో? ఈ ప్రశ్నకు మదీనా నగరం ఇచ్చిన సమాధానాన్ని ఈరోజు మననం చేసుకుందాం.

మన తొలితరం కాందిశీకులే

సోదరులారా! ఇస్లాం చరిత్రలో శరణార్థి పరాయివాడు కాడు. దైవప్రవక్త (స)కు ప్రవక్త పదవి లభించిన ఐదవ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 615లో, మక్కా పెద్దల హింసను తాళలేక కొందరు విశ్వాసులు సముద్రం దాటి అబిసీనియాకు వెళ్లారు. ఆ దేశపు రాజు నజాషీ అప్పటికి క్రైస్తవుడు. వారిని తిరిగి అప్పగించమంటూ ఖురైషులు కానుకలతో రాయబారులను పంపారు. నజాషీ ఆ కానుకలకు లొంగలేదు. శరణు కోరినవారి మాట వినకుండా తీర్పు చెప్పనన్నాడు. హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) తమ గోడు వినిపించిన తరువాత, మీరు నా రాజ్యంలో నిర్భయంగా ఉండవచ్చునని అభయమిచ్చాడు. వేరే మతంవాడైన రాజు మన పూర్వీకులకు చేసిన ఆ మేలును ముస్లిం సమాజం పధ్నాలుగు శతాబ్దాలుగా చెప్పుకుంటూనే ఉంది. కాబట్టి శరణార్థి మతమేదని ముందుగా అడిగే హక్కు మనకు లేదు. శరణు కోరి వచ్చినవాడు బహుదైవారాధకుడైనా సరే, అతనికి రక్షణ ఇచ్చి, సురక్షిత ప్రదేశానికి చేర్చమని దివ్య ఖుర్‌ఆన్ తౌబా సూరా ఆరవ ఆయతులో ఆదేశించింది.

ఆ తరువాత క్రీ.శ. 622లో మక్కా నుండి మదీనాకు హిజ్రత్ జరిగింది. వచ్చినవారు ముహాజిర్లు. ఆదుకున్నవారు అన్సార్లు. ముహాజిర్లలో చాలామంది ఇళ్లనూ, సరుకునూ, సొమ్మునూ మక్కాలోనే వదిలి వచ్చారు. హజ్రత్ సుహైబ్ రూమీ (రజి)ని ఖురైషులు దారిలో అడ్డగించి, ఇక్కడ సంపాదించిన ధనంతో వెళ్లనివ్వమన్నప్పుడు, ఆయన తన యావదాస్తినీ వారికి వదిలి వట్టి చేతులతో మదీనా చేరారు.

ఇక్కడ మరొక చిక్కు కూడా ఉంది. మక్కా సేద్యం లేని లోయ. అక్కడివారి బతుకంతా వ్యాపారం. మదీనా ఖర్జూరపు తోటల ఊరు. అంటే వచ్చినవారికి చేతనైన పనికి అక్కడ పెట్టుబడి లేదు. అక్కడ దొరికే పని వారికి చేతకాదు. ఈనాటి శరణార్థులందరి ఇబ్బందీ ఇదే కదా! స్వదేశంలో వైద్యుడైనవాడు పరదేశంలో టాక్సీ నడుపుతాడు. పొలం దున్నినవాడు నగరంలో చిత్తుకాగితాలు ఏరుతాడు.

మదీనాలో జరిగిన ఐదు పనులు

మొదటిది: దైవప్రవక్త (స) శరణార్థులను ఒక గుంపుగా ఊరి బయట ఉంచలేదు. హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి) ఇంట్లో ముహాజిర్లనూ, అన్సార్లనూ సమావేశపరచి, ఒక్కొక్క ముహాజిరును ఒక్కొక్క అన్సారుకు సోదరునిగా జతచేశారు. అలా జతపడినవారు సుమారు తొంభై మందని చరిత్రకారులు రాశారు. దీనినే ‘ముఆఖాత్’ అంటారు. బాధ్యత ఊరందరిదీ అన్నప్పుడు అది ఎవరిదీ కాకుండా పోతుంది. ఈ మనిషి నీ సోదరుడు అన్నప్పుడు తప్పించుకోవడానికి వీలుండదు. అంతేకాదు, కొత్త ఊరిలో ఎవరిని నమ్మాలో, ఏ వస్తువు ధర ఎంతో, ఏ వీధిలో ఎవరుంటారో చెప్పడానికి శరణార్థికి ఒక తెలిసిన మనిషి దొరుకుతాడు. ఇల్లూ తోడూ రెండూ లేనివారికి మస్జిదె నబవీలోనే ‘సుఫ్ఫా’ అనే నీడ ఏర్పడింది.

రెండవది: అన్సార్లు తమ ఖర్జూరపు తోటలను తమకూ, ముహాజిర్లకూ చెరిసగం పంచమని దైవప్రవక్త (స)ను కోరారు. ఆయన అంగీకరించలేదు. అప్పుడు, ముహాజిర్లు తోటపనిలో శ్రమ పంచుకుంటారు, పంటలో మేము వారికి భాగమిస్తాము అన్న ఏర్పాటు జరిగింది. దీనికి ఇరుపక్షాలవారూ సమ్మతించారు. బుఖారీలోని ఈ హదీసును ఆలోచించి చదవండి. ఇచ్చేవారు మనస్ఫూర్తిగా భూమి ఇస్తామన్నా, ప్రవక్త (స) దానిని పనిగా, వాటాగా మార్చారు. దానితో అన్సార్ల ఆస్తి అన్సార్ల దగ్గరే ఉంది. ముహాజిర్లు తిన్నది తమ చెమటతో తిన్నారు. సేద్యం తెలియనివారు సేద్యం నేర్చుకున్నారు.

మూడవది, మీరందరూ విన్నదే. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కి మదీనా ధనవంతులలో ఒకరైన హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) సోదరుడయ్యారు. తన ఆస్తిలో సగం తీసుకోమని సఅద్ (రజి) చెప్పారు. అబ్దుర్రహ్మాన్ (రజి) ఆయన సంపదలోనూ, కుటుంబంలోనూ శుభం కలగాలని దుఆ చేసి, తనకు బజారుకు దారి చూపమని మాత్రం అడిగారు. బనూ ఖైనుఖా బజారును ఆయనకు చూపించారు. మొదటి రోజే కొంత జున్నునూ, కొంత నెయ్యినీ లాభంగా తెచ్చుకున్నారు. రోజూ వెళ్లసాగారు. కొద్ది కాలానికే ఖర్జూరపు గింజంత బంగారం మహరుగా ఇచ్చి ఒక అన్సారీ మహిళను వివాహమాడారు. ఒక్క మేకతోనైనా సరే, వలీమా విందు ఇవ్వమని దైవప్రవక్త (స) ఆయనకు చెప్పారు. తరువాతి కాలంలో ఆయన మదీనాలోని గొప్ప వర్తకులలో, గొప్ప దాతలలో ఒకరయ్యారు.

ఈ సంఘటనలో మనం సాధారణంగా అబ్దుర్రహ్మాన్ (రజి) ఆత్మాభిమానాన్ని మాత్రమే మెచ్చుకుంటాం. కానీ సఅద్ (రజి) చేసినదాన్ని కూడా చూడండి. తాను ఇచ్చిన ఆస్తిని కాదన్నందుకు ఆయన నొచ్చుకోలేదు. నీ దారి నువ్వు చూసుకో అనలేదు. అడిగినది ఇచ్చారు. ఆస్తిలో సగం ఇవ్వడం కంటే దారి చూపడం చిన్న పనిగా కనబడుతుంది. కాని దిక్కు తెలియనివానికి అదే పెద్ద సొత్తు. ఏ బజారులో ఏ సరుకు అమ్ముడుపోతుందో, ఎవరు నిజాయితీపరుడో, ఎవరి పేరు చెబితే అరువు దొరుకుతుందో స్థానికునికి తెలుసు. ఆ తెలిసిన విషయాన్ని పంచుకోవడానికి ధనవంతులు కానక్కరలేదు.

నాలుగవది: మనసు సంగతి. కొత్త ఊరికి వచ్చిన ముహాజిర్లు జ్వరాల పాలయ్యారు. హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ బిలాల్ (రజి) మంచం పట్టారు. బిలాల్ (రజి)కి జ్వరం తగ్గినప్పుడల్లా మక్కా లోయలూ, అక్కడి గడ్డీ, అక్కడి నీటి చెలమలూ గుర్తుకొచ్చి కన్నీటితో పాడుకునేవారు. తనను బానిసగా హింసించిన ఊరి కోసమే బిలాల్ (రజి) బెంగపెట్టుకున్నారు! ఇదేమి కృతఘ్నత అని దైవప్రవక్త (స) ఆయనను మందలించలేదు. మదీనాను కూడా మక్కా వలె, అంతకంటే మిన్నగా తమకు ప్రియమైనదిగా చేయమనీ, దాని గాలిని ఆరోగ్యకరం చేయమనీ అల్లాహ్‌ను వేడుకున్నారు. శరణార్థి తన ఊరిని తలచుకొని ఏడ్చినప్పుడు, ‘ఇక్కడ నీకేం తక్కువైంది?’ అనడం ప్రవక్త పద్ధతి కాదు.

ఐదవది చాలామంది దృష్టికి రాని విషయం. అన్సార్లు ఫలసాయం అనుభవించమని ముహాజిర్లకు ఇచ్చిన చెట్లను, హిజ్రీ ఏడవ సంవత్సరంలో ఖైబర్ తరువాత, ముహాజిర్లు తిరిగి ఇచ్చేశారు. హజ్రత్ అనస్ (రజి) తల్లి ఇచ్చిన ఖర్జూరపు చెట్లను దైవప్రవక్త (స) స్వయంగా ఆమెకు తిరిగి ఇప్పించారు. అంతకుముందే, ముఆఖాత్ సోదరుల మధ్య మొదట్లో ఉన్న వారసత్వపు హక్కును కూడా, వారు కాళ్లమీద నిలబడిన తరువాత, అల్లాహ్ రక్తబంధువులకే మరల్చాడు. సూరా అన్ఫాల్ చివరి ఆయతు దీనిని గురించినదే. సోదరభావం నిలిచింది, ఆధారపడటం మాత్రం తొలగిపోయింది. విరిగిన కాలికి కట్టు కడతాం. ఎముక అతికిన రోజున కట్టు విప్పుతాం. కట్టు విప్పే రోజు రావాలన్న ఉద్దేశంతోనే కట్టు కట్టాలి.

జకాతుతో గొడ్డలి

సోదరులారా! అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఒక పేద అన్సారీ వృత్తాంతం ఉంది. అతడు యాచించడానికి వచ్చాడు. ఇంట్లో ఏముందని దైవప్రవక్త (స) అడిగారు. ఒక ముతక గుడ్డ, ఒక గిన్నె. వాటిని తెప్పించి, వేలం వేసి, రెండు దిర్హములకు అమ్మారు. ఒక దిర్హముతో ఇంటికి ఆహారం, రెండవ దానితో గొడ్డలి కొనమన్నారు. ఆ గొడ్డలికి స్వహస్తాలతో పిడి అమర్చి, కట్టెలు కొట్టి అమ్మమని, పదిహేను రోజులు కనబడవద్దని పంపారు. అతడు పది దిర్హములు సంపాదించుకొని వచ్చాడు.

ఇక్కడ క్రమం గమనించండి. ముందు ఇంటికి అన్నం, ఆ వెంటనే పనిముట్టు. అన్నం పెట్టకుండా పనిచేసుకోమనడం క్రూరత్వం. అన్నం మాత్రమే పెట్టి పనిముట్టు ఇవ్వకపోవడం అసంపూర్ణం. అందుకే ఇమామ్ నవవీ (రహ్మ) వంటి ధర్మవేత్తలు, వృత్తిపనివానికి అతని వృత్తి పరికరాలు కొనుక్కునేటంత, వర్తకునికి వ్యాపారానికి చాలినంత జకాతు ఇవ్వవచ్చునని వివరించారు. మనం మాత్రం ఏం చేస్తున్నాం? రంజాన్‌లో వంద మందికి తలా కొంచెం పంచి, మరుసటి రంజాన్‌కు అదే వంద మందిని అదే వరుసలో నిలబెడుతున్నాం. ఒక కుట్టుమిషను, ఒక తోపుడుబండి, ఒక పెట్టె తాపీపని సామాను ఒక కుటుంబాన్ని ఆ వరుస నుండి తప్పించగలదు. ఆ కుటుంబం తిరిగి రాకపోవడమే మన జకాతు ఫలించిందనడానికి గుర్తు.

తెలుగువారూ ఒకనాటి కాందిశీకులే

ఇదంతా ఎక్కడో అరబ్బు దేశపు కథ అనుకోవద్దు. గోదావరి, విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల నుండి వేలాది తెలుగువారు బర్మాకు కూలికి వెళ్లేవారు. రంగూనును ‘రంగం’ అని పిలుచుకునేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీదనే బర్మాలో తెలుగువారికి కోరంగీలు అనే పేరు వచ్చింది. రంగూను రేవులో సరుకు ఎత్తినదీ, బియ్యపు మిల్లులలో పనిచేసినదీ చాలావరకు వారే. 1931 జనగణన నాటికి రంగూను జనాభాలో సగానికి పైగా భారతీయులే.

1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూనుపై బాంబులు వేశాయి. తరువాతి నెలల్లో సుమారు 5 లక్షల మంది భారతీయులు ఓడలమీదా, అడవులూ కొండలూ దాటి కాలినడకనా స్వదేశం దారి పట్టారు. ఆకలితో, మలేరియాతో, కలరాతో వేలాది మంది దారిలోనే కన్నుమూశారు. యుద్ధం ముగిశాక కొందరు మళ్లీ వెళ్లారు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలను జాతీయం చేశారు, పెద్ద నోట్లను రద్దు చేశారు. లక్షలాది భారత సంతతివారు దాదాపు వట్టి చేతులతో ఓడలెక్కారు. సుహైబ్ రూమీ (రజి) అనుభవం వారికీ ఎదురైంది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట పేరు ఆ రోజులను నేటికీ గుర్తుచేస్తోంది. అలా తిరిగివచ్చినవారు బతుకుతెరువు ఏర్పరచుకోవడానికి రుణాలివ్వాలని భారత ప్రభుత్వం 1969లో కాందిశీకుల సహకార బ్యాంకును, అంటే రెప్కో బ్యాంకును, మద్రాసులో స్థాపించింది. వడ్డీ విషయంలో మన ధర్మం వేరు. మనం ఇవ్వవలసింది ఖర్జె హసనా, అంటే వడ్డీ లేని రుణం. కానీ తిరిగివచ్చినవారికి బిచ్చం కాదు, పెట్టుబడి కావాలన్న ఆలోచన మెచ్చదగినది.

ఇప్పుడు అదే బర్మా నుండి వచ్చిన మరొక జనం మన మధ్య ఉన్నారు. అరకాన్ ప్రాంతపు రోహింగ్యాలకు 1982 నాటి చట్టం పౌరసత్వాన్ని నిరాకరించింది. 2012లో అల్లర్లు, 2017 ఆగస్టు తరువాత మారణకాండ. ఆ ఒక్క విడతలోనే 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌లోకి పరుగెత్తారు. వేర్వేరు కాలాల్లో వచ్చిన కొన్ని వేల మంది హైదరాబాదులో బాలాపూర్, షాహీన్ నగర్ పరిసరాల్లో గుడిసెలు వేసుకొని బతుకుతున్నారు. పొద్దున్నే అడ్డా మీద నిలబడేవారిలో, చెత్తలో ఇనుమూ ప్లాస్టిక్కూ ఏరేవారిలో వారు ఉన్నారు.

మనం జవాబు చెప్పుకోవలసిన మాట

సోదరులారా! ఇప్పుడు చెప్పబోయేది కొందరికి కష్టంగా ఉండవచ్చు. చెప్పకపోతే ఈ ఖుత్బాకు అర్థం లేదు.

ఒక మేస్త్రీ రంజాన్‌లో శరణార్థుల బస్తీకి బియ్యం బస్తాలు పంపుతాడనుకోండి. మంచిదే. అదే మేస్త్రీ పండుగ తరువాత అదే బస్తీ నుండి మనిషిని పనికి పిలుచుకొని, పక్కవానికి ఇచ్చే కూలిలో సగమే అతని చేతిలో పెడతాడనుకోండి. వారం చివర, లెక్క తరువాత చూద్దాం అంటాడు. ఆ మనిషి పోలీసు స్టేషనుకు వెళ్లలేడు, కార్మిక కార్యాలయానికి వెళ్లలేడు, ఊరు మారలేడు. ఆ సంగతి మేస్త్రీకి తెలుసు. అందుకే ఆ కూలి. మరి, ఆ బియ్యం బస్తా దానమా, లేక ఎగవేసిన కూలిలో ఒక చిన్న భాగమా? ప్రళయదినాన తాను స్వయంగా ప్రతివాదిగా నిలబడే ముగ్గురిలో, పూర్తిగా పని చేయించుకొని కూలి ఇవ్వనివాడు ఒకడని అల్లాహ్ ప్రకటించినట్లు బుఖారీ హదీసులో ఉంది. అడిగే దిక్కు లేనివాని తరఫున అడిగేవాడు అల్లాహ్ అన్నమాట!

సగం కూలికి మరొక నష్టం కూడా ఉంది. అడ్డా మీద నిలబడిన స్థానిక కూలీ, పాలమూరు నుండి వచ్చినవాడైనా, శ్రీకాకుళం నుండి వచ్చినవాడైనా, ఈ పరాయివాళ్లు వచ్చి మా పని లాగేసుకున్నారని కోపం పెంచుకుంటాడు. అతని కోపం అర్థం చేసుకోదగినదే. అతనికీ పిల్లలున్నారు. అయితే పని లాగినది శరణార్థి కాదు, సగం కూలికి మనిషిని పెట్టుకున్న యజమాని. ఒకే పనికి ఒకే కూలి ఇస్తే స్థానికునికి నష్టం ఉండదు, వచ్చినవానికి అవమానం ఉండదు.

చట్టం విషయంలోనూ స్పష్టత కావాలి. మన దేశం 1951 నాటి అంతర్జాతీయ శరణార్థి ఒప్పందంలో చేరలేదు. రోహింగ్యాలను ప్రభుత్వం అక్రమ వలసదారులుగానే పరిగణిస్తోంది. ఐక్యరాజ్యసమితి ఇచ్చే కార్డు పని అనుమతి పత్రం కాదు. అయినా, రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే ప్రాణ రక్షణ పౌరులకే కాక ప్రతి మనిషికీ వర్తిస్తుందని 1996లో చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 6 నుండి 14 ఏళ్ల పిల్లల చదువుకు 2009 నాటి విద్యాహక్కు చట్టం ఉంది. కాబట్టి సహాయం చట్టం తెలిసినవారి సలహాతో చేయండి. జాలిపడి ఎవరికీ దొంగ ఆధారు గానీ, అబద్ధపు చిరునామా గానీ సమకూర్చవద్దు. అబద్ధం మనకు నిషిద్ధం. పైగా, ఆ కాగితం పట్టుబడిన రోజున జైలుకు వెళ్లేది ఆ నిరుపేదే.

విదేశాల్లో ఉన్న మన తెలుగు సోదరులకు మరింత విశాలమైన అవకాశం ఉంది. కెనడాలో 1979 నుండి సామాన్య పౌరులు, ప్రార్థనా మందిరాల సమూహాలు కలిసి ఒక శరణార్థి కుటుంబాన్ని పిలిపించుకొని, మొదటి సంవత్సరం ఇంటి ఖర్చూ, బడీ, భాషా, పనీ చూసుకునే ఏర్పాటు ఉంది. ఆధునిక కాలపు ముఆఖాత్ అంటే ఇదే. జర్మనీలో కొత్తవారికి ప్రభుత్వమే 600 గంటల భాషా బోధన ఏర్పాటు చేసింది. విదేశీ విద్యార్హతలను పరిశీలించి గుర్తించడానికి 2012 నుండి చట్టం కూడా ఉంది. అయినా చట్టం చేయలేని పనులు కొన్ని మిగులుతాయి. దరఖాస్తు ఎలా రాయాలి, ముఖాముఖిలో ఎలా మాట్లాడాలి, ఇక్కడి అనుభవం లేదని తిప్పి పంపినప్పుడు ఏమి చేయాలి, ‘ఈ మనిషిని నాకు తెలుసు’ అని ఎవరు చెబుతారు? ఉద్యోగం కోసం వెళ్లిన తెలుగువారు ఈ దారి అంతా ఒకసారి నడిచినవారే. మొదట చేరినప్పుడు మనకు గది ఇచ్చిందెవరు, మన పేరు సిఫారసు చేసిందెవరు అని గుర్తుచేసుకుంటే, ఇప్పుడు ఏమి చేయాలో ఎవరూ చెప్పనక్కరలేదు.

అల్లాహ్ మనకు వినినదానిని ఆచరించే భాగ్యం ప్రసాదించుగాక. నా కొరకూ, మీ కొరకూ ఆయన క్షమాపణను అర్థిస్తున్నాను.

రెండవ ఖుత్బా

స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే. ఆయన ప్రవక్తపై శాంతి కలుగుగాక!

సోదరులారా! మస్జిదు నుండి బయటికి వెళ్లే ముందు నాలుగు పనులు మనసులో పెట్టుకోండి.

ఒకటి, ప్రతి మొహల్లాలో నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక శరణార్థి కుటుంబానికి తోడుగా నిలవండి. ఆసుపత్రిలో చీటీ రాయించడం, పిల్లలను బడికి తీసుకువెళ్లడం, సరుకు ధర చెప్పడం ఇవన్నీ అందులోకి వస్తాయి. రెండు, అన్నం పెట్టిన రోజునే ‘మీ ఊళ్లో నువ్వు ఏం పని చేసేవాడివి?’ అని అడగండి. అతడు నేత పనివాడో, చేపలు పట్టేవాడో, పిల్లలకు చదువు చెప్పినవాడో మనకు తెలియదు. ఆ ఒక్క ప్రశ్న అతన్ని యాచకుని స్థానం నుండి మనిషి స్థానానికి తెస్తుంది. మూడు, భాష నేర్పండి. ఇషా తరువాత గంటసేపు తెలుగులో అంకెలూ, కొలతలూ, బస్సు పలకలూ చదవడం నేర్పితే చాలు. కూలి లెక్క తానే చూసుకోగలిగినవాణ్ణి మోసగించడం కష్టం. స్త్రీలకు ఈ సహాయం మరింత అవసరం. నాలుగు, వారిచేత పని చేయించుకున్నవారు ఈ సాయంత్రమే లెక్క చూసుకోండి. చెమట ఆరకముందే కూలి ఇవ్వమని మన ప్రవక్త (స) బోధించారు. ఎన్ని చెమటలు మన ఖాతాలో ఆరిపోయాయో మనకే తెలుసు.

చేసిన మేలును ఎత్తిపొడవకండి. ఎత్తిపొడుపు దానాన్ని వ్యర్థం చేస్తుందని సూరా బఖరాలో అల్లాహ్ హెచ్చరించాడు. వరుసలో నిలబెట్టి ఫోటోలు తీయడం కూడా ఎత్తిపొడుపే.

ఇదే సఫ్‌లో మన భుజానికి భుజం ఆనించి నిలబడిన శరణార్థి సోదరులారా! మీకు కూడా ఒక మాట. తీసుకోవడం సిగ్గుపడవలసిన విషయం కాదు. ముహాజిర్లు కూడా తీసుకున్నారు. కానీ వారు బజారుకు దారి అడిగారు, చెట్లను తిరిగి ఇచ్చే రోజు కోసం పనిచేశారు. మీరూ అడగండి. అడిగినప్పుడు దారి చూపకపోతే తప్పు మాది.

ఓ అల్లాహ్! నెలవు తప్పినవారికి నెలవు చూపు. వారిని క్షేమంగా తమ ఊళ్లకు చేర్చు. అది సాధ్యం కానంతవరకు, వారు చేరిన ఊరిని వారికి ప్రియమైనదిగా చేయి. వారి చేతులకు పని, ఆ పనికి న్యాయమైన ఫలం ప్రసాదించు. మేము ఎవరి కూలినైనా తొక్కిపెట్టి ఉంటే, చావుకు ముందే తిరిగి ఇచ్చే బుద్ధిని మాకు ప్రసాదించు. మమ్మల్ని అన్సార్ల దారిలో నడిపించు. ఆమీన్.